సీసా చేతికొచ్చింది, సబ్బు గూటికెక్కింది
శానిటైజర్లు, తుడుపు కాగితాలు కొనేముందు గ్రామీణులు తెలుసుకోవలసిన సంగతులు

న్యాల్‌కల్: కరోనా ఉద్ధృతి తగ్గి ఏళ్లు గడిచాయి. అది వస్తూ వస్తూ తెచ్చిన సీసాలు మాత్రం ఊళ్లలో ఉండిపోయాయి. కిరాణా కొట్టులో బిస్కెట్ల వరుస పక్కన, మందుల షాపు గల్లా మీద, పంచాయతీ కార్యాలయం కిటికీలో, పెళ్లి పందిరి గుమ్మంలో శానిటైజర్ సీసా కనిపించడం ఇప్పుడు ఎవరికీ వింత కాదు. వాటి వెంట పట్నం నుంచి తడి తుడుపు కాగితాలు కూడా దిగాయి. వైప్స్ అంటారు వాటిని. ఒక్క పిండుతో చేయి శుభ్రం, ఒక్క తుడుపుతో ఇల్లు శుభ్రం అన్న నమ్మకం చాలామందిలో నాటుకొనిపోయింది.

ఆ నమ్మకంలో నిజమెంత అన్నది న్యాల్‌కల్ వంటి మండలానికి చిన్న విషయం కాదు. సంగారెడ్డి జిల్లా కొసన, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న ప్రాంతమిది. 2016 అక్టోబరు దాకా మెదక్ జిల్లాలో ఉండేది. ఇక్కడివారికి జహీరాబాద్ ఎంత దగ్గరో, బీదర్ కూడా దాదాపు అంత దగ్గర. చెరకు, అల్లం, ఆలుగడ్డ, పత్తి, కంది, పెసర పండించే చేతులివి. ఈ చేతులకు అంటేది పట్నంలో బస్సు కడ్డీ పట్టుకొన్న చేతికి అంటే మురికి కాదు. మట్టి, పేడ, చెరకు ఆకుల జిగట, పురుగుమందు. వాటి మీద సీసాలోని మందు ఏం చేస్తుంది, ఏం చేయలేదు అన్నది తెలియకపోతే డబ్బు పోవడం ఒక నష్టం, రోగం మిగలడం రెండో నష్టం.

సీసా ఊరికి ఎలా వచ్చింది?

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు బయటపడింది. ఆ నెలలోనే మందుల షాపులలో శానిటైజర్ దొరకడం గగనమైపోయింది. దొరికినచోట ధర మండిపోయింది. కేంద్ర ప్రభుత్వం మార్చి 13న శానిటైజర్లను, మాస్కులను నిత్యావసర వస్తువుల చట్టం కిందకు తెచ్చింది. మార్చి 21న ధర కట్టేసింది. 200 మిల్లీలీటర్ల సీసా 100 రూపాయలకు మించరాదన్నది ఆ ఉత్తర్వు సారాంశం. అది ఆ ఏడాది జూన్ నెలాఖరు దాకా అమలులో ఉన్నది. తరువాత జులైలో మరో వెసులుబాటు ఇచ్చారు. శానిటైజర్ నిల్వకు, అమ్మకానికి మందుల లైసెన్సు అవసరం లేదన్నారు. సరుకు అందరికీ అందాలన్నది దాని ఉద్దేశం. అలా అది మందుల షాపు దాటి కిరాణా కొట్టుకు చేరింది.

చక్కెర మిల్లులు, డిస్టిలరీలు కూడా తయారీకి దిగాయి. దానికి కారణం ఉన్నది. శానిటైజర్‌లో అసలు సరుకు ఆల్కహాల్. అప్పట్లో మన దేశంలో ఆల్కహాల్‌లో చాలా భాగం చెరకు మడ్డి నుంచే వచ్చేది. చెరకు గానుగాడి చక్కెర తీయగా మిగిలే ఆ నల్లటి మడ్డిని పులియబెట్టి, బట్టీ పట్టి స్పిరిట్ తీస్తారు. తమ పొలంలోని చెరకుకూ చేతిలోని సీసాకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నదని చెరకు రైతులలో ఎందరికి తెలుసో గాని, చుట్టరికం మాత్రం నిజం.

సీసా మీద ఏం చదవాలి?

కొనేటప్పుడు మొదట చూడవలసింది రంగు కాదు, వాసన కాదు, సీసా మీది బొమ్మ అసలే కాదు. ఆల్కహాల్ ఎంత శాతం అన్నది చూడాలి. ఇథైల్ ఆల్కహాల్ అని గాని, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని గాని రాసి ఉండాలి. అది కనీసం 60 శాతం ఉంటేనే క్రిములను చంపే శక్తి ఉన్నట్టు లెక్క. 70, 80 శాతం ఉంటే మరీ మంచిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రుల కోసం ఇచ్చిన కొలతలో ఇథైల్ ఆల్కహాల్ 80 శాతం, లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 75 శాతం. దానికి కొద్దిగా గ్లిజరిన్, మరీ కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుస్తాయి. గ్లిజరిన్ చర్మం ఎండిపోకుండా చూస్తుంది. పెరాక్సైడ్ పని మన చేతి మీద కాదు. సీసాలోనే దాగి ఉండే మొండి క్రిముల విత్తులను చంపడానికి దానిని వేస్తారు.

అలాగైతే నూటికి నూరు శాతం ఆల్కహాల్ ఇంకా బాగా పనిచేయాలి కదా అని అనిపించవచ్చు. అది జరగదు. క్రిమి ఒంటిలోని మాంసకృత్తులను చెడగొట్టడానికి ఆల్కహాల్‌కు కొంత నీరు తోడు కావాలి. పైగా ఉత్త ఆల్కహాల్ పూసిన క్షణంలో ఆవిరైపోతుంది, పని చేసే వ్యవధి ఉండదు. ఘాటు పెరిగితే గుణం పెరుగుతుందన్న లెక్క ఇక్కడ చెల్లదు.

ఘాటు తక్కువైనా పనికిరాదు. మన దుకాణాలలో అమ్మే విస్కీ, బ్రాందీలలో ఆల్కహాల్ మామూలుగా 42.8 శాతమే. కల్లులో అంతకన్నా ఎంతో తక్కువ. చేతికి సారా పూసుకొంటే చాలునని 2020లో వినిపించిన మాటకు ఆధారం లేదు.

'ఆల్కహాల్ లేనిది' అని రాసి అమ్మే రకం కూడా ఉన్నది. అందులో సాధారణంగా బెంజాల్కోనియం క్లోరైడ్ అనే మందు ఉంటుంది. చేతికి మంట తక్కువ. కాని అది పనిచేసే క్రిముల జాబితా చిన్నది. రెండూ దొరికేచోట ఆల్కహాల్ రకాన్నే తీసుకోవడం మేలు.

ఇక తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ. ఈ నాలుగూ లేని సీసాను ఎంత చవకకు ఇచ్చినా ముట్టరాదు. పెద్ద డబ్బా నుంచి పాత నీళ్ల సీసాలోకి వంచి ఇచ్చే సరుకు సంగతి చెప్పనే అక్కరలేదు. అందులో ఏమున్నదో అమ్మినవానికీ తెలియదు. నీళ్ల సీసాలో కిరసనాయిలు, పురుగుమందు పోసి పెట్టే అలవాటు మన ఇళ్లలో పాతదే. ఆ అలవాటు ఎందరు పిల్లల ప్రాణం మీదికి తెచ్చిందో ప్రతి ఊరికీ తెలుసు. ఇది దానికి తోడు.

'99.9 శాతం క్రిములు హతం' అన్న మాట దాదాపు ప్రతి సీసా మీదా ఉంటుంది. అబద్ధమని చెప్పలేము గాని, దానిని అర్థం చేసుకోవలసిన తీరు వేరు. ప్రయోగశాలలో ఎంచుకొన్న కొన్ని రకాల క్రిముల మీద, కొలిచిన మోతాదు పోసి, గడియారం పెట్టి చేసిన పరీక్ష ఫలితమది. పది లక్షల క్రిములుంటే అందులో వెయ్యి మిగులుతాయని కూడా అదే అంకె చెబుతోంది. ఇక మట్టి చేతికి ఆ అంకె వర్తిస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

వాడే తీరు కూడా ముఖ్యమే. రెండు చుక్కలు అరచేతిలో వేసుకొని దులుపుకొంటే ప్రయోజనం లేదు. సుమారు 3 మిల్లీలీటర్లు, అంటే అరచేయి తడిసేంత తీసుకోవాలి. వేళ్ల సందులు, గోళ్లు, బొటనవేలు, చేతి వెనుక అంతా 20 నుంచి 30 సెకండ్లు రుద్ది, దానంతటదే ఆరనివ్వాలి. మధ్యలో కొంగుకు తుడుచుకొంటే పని సగంలో ఆగినట్టే. ఎంత రుద్దినా ఆరక జిగటగా మిగిలిందంటే అందులో ఆల్కహాల్ తక్కువేమోనని అనుమానించవచ్చు.

కొందరు వెలిగించి చూసి మంచిదో కాదో తేలుస్తున్నారు. ఇంతకన్నా ప్రమాదకరమైన పరీక్ష లేదు. ఆల్కహాల్ మంట పట్టపగలు సరిగా కంటికి కనపడదు. చేయి కాలిన తరువాతే తెలుస్తుంది. అదీగాక విషపు మిథైల్ ఆల్కహాల్ కూడా చక్కగానే మండుతుంది కాబట్టి ఈ పరీక్షతో తేలేది ఏమీ లేదు.

ప్రాణం మీదికి వచ్చిన సంఘటనలు

2020 జులై నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో జరిగింది ఎవరూ మరచిపోకూడదు. కరోనా కట్టడి కోసం అక్కడ మద్యం దుకాణాలు మూసి ఉన్నాయి. మందుకు అలవాటుపడినవారు కొందరు శానిటైజర్‌ను నీళ్లలో, శీతల పానీయాలలో కలుపుకొని తాగారు. పది మందికి పైగా చనిపోయారు. వారిలో కూలీలు ఉన్నారు, గుడి దగ్గర బిచ్చమెత్తుకొనేవారు ఉన్నారు. అది చేతికి పూసుకొనే సరుకు. అందులో ఏమేం కలుస్తాయన్నది తాగేవాని క్షేమం చూసి నిర్ణయించేది కాదు. మిథైల్ ఆల్కహాల్ కలిసిన రకమైతే ముందు కంటి చూపు పోతుంది, తరువాత ప్రాణం పోతుంది. వాసనలో, రంగులో రెంటికీ తేడా పట్టలేము. అమెరికాలో సైతం 2020 జూన్ నుంచి మిథైల్ ఆల్కహాల్ కలిసిన శానిటైజర్ల జాబితాలు ప్రభుత్వమే ప్రకటించవలసి వచ్చింది.

2021 జనవరి 31న పక్క రాష్ట్రం మహారాష్ట్రలో మరొకటి జరిగింది. యవత్‌మాల్ జిల్లాలోని ఒక గ్రామంలో పోలియో చుక్కల రోజున 12 మంది పసిపిల్లలకు చుక్కల మందు బదులు శానిటైజర్ చుక్కలు వేశారు. పిల్లలను ఆసుపత్రిలో చేర్చారు. అదృష్టవశాత్తు అందరూ కోలుకొన్నారు. చదువుకొన్న సిబ్బంది చేతిలోనే సీసా మారిపోయింది. ఇంట్లో దగ్గు మందు, జ్వరం మందు పెట్టిన గూట్లోనే శానిటైజర్ పెట్టడం ఎంత పొరపాటో ఇది చెబుతోంది.

నిప్పు సంగతి వేరే చెప్పాలి. 2020 మార్చిలో హర్యానాలోని రేవాడీలో ఒక వ్యక్తి వంటగదిలో నిలబడి సెల్‌ఫోన్‌ను, తాళాలను శానిటైజర్‌తో తుడుస్తుండగా కొంత బట్టల మీద ఒలికింది. పక్కనే గ్యాస్ పొయ్యి వెలుగుతోంది. ఒళ్లు 35 శాతం కాలి ఢిల్లీ ఆసుపత్రికి చేరవలసి వచ్చింది. కట్టెల పొయ్యి, దీపారాధన, బీడీ. ఇవన్నీ ఉన్న ఇళ్లలో చేయి పూర్తిగా ఆరకుండా నిప్పు దగ్గరికి పోరాదు. ఎండలో నిలిపిన ట్రాక్టరు మీద, మోటారు సైకిలు డబ్బాలో సీసాను వదిలేయడం కూడా మంచిది కాదు.

పిల్లల కళ్ల సంగతి చాలామందికి తట్టదు. పెద్దల నడుము ఎత్తులో పెట్టిన డబ్బా పిల్లల కంటి ఎత్తులో ఉంటుంది. నొక్కితే చిమ్మేది నేరుగా కంట్లోకే. ఫ్రాన్సులో 2020లో ఇలాంటి ప్రమాదాలు అంతకు ముందు ఏడాదితో పోలిస్తే ఏడు రెట్లయినట్టు అక్కడి విష చికిత్స కేంద్రాల లెక్కలలో తేలింది. కంట్లో పడితే నలపకుండా కనీసం పావుగంట సేపు శుభ్రమైన నీటిధారతో కడిగి డాక్టరుకు చూపించాలి. మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేయాలి. సీసాను కూడా వెంట తీసుకుపోవాలి. లోపల ఏమున్నదో డాక్టరుకు తెలిసేది దాని వల్లనే.

పొలం చేతికి పనికిరాదు

ఇక అసలు విషయానికి వస్తే, చేయి కంటికి మురికిగా కనిపిస్తున్నప్పుడు శానిటైజర్ పని చేయదు. మట్టి, జిడ్డు అడ్డుగా నిలిచి మందును క్రిమిదాకా పోనివ్వవు. పేడ తీసిన చేతికి, అల్లం తవ్విన చేతికి, ఆలుగడ్డ ఏరిన చేతికి అది పూయడమంటే బురద మీద అత్తరు చల్లడమే.

పురుగుమందు విషయంలో పొరపాటు మరీ ప్రమాదం. పత్తికి మందు కొట్టి గట్టుకు వచ్చిన రైతు, నీళ్లు దూరమని శానిటైజర్ పూసుకొని సద్దిమూట విప్పితే విషం చేతి మీదనే ఉంటుంది. శానిటైజర్ క్రిమిని చంపవచ్చు గాని దేనినీ కడిగి తీసివేయదు. పురుగుమందు క్రిమి కాదు, చచ్చేది కాదు. సబ్బు, నీళ్లు తప్ప దానికి మార్గం లేదు. మందు కొట్టినవారు చేతులు, ముఖం సబ్బుతో కడుక్కొని, బట్టలు మార్చుకొని, ఆ బట్టలను ఇంటిల్లిపాది బట్టలతో కలపకుండా విడిగా ఉతకాలి.

నులిపురుగుల గుడ్లు కూడా ఇలాంటివే. ఆల్కహాల్‌కు అవి చావవు. గోటి కింద మట్టిలో కూర్చొని అన్నంతో పాటు కడుపులోకి పోతాయి. దేశమంతటా నులిపురుగుల దినం పేరిట ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడులలో, అంగన్‌వాడీలలో ఆల్బెండజోల్ మాత్రలు వేస్తున్నారు. మాత్ర వేసుకొని మట్టి చేత్తో తింటే గుడ్లు మళ్లీ లోపలికి పోతాయి. గోళ్లు తీయడం, సబ్బుతో కడగడం తప్ప దీనికి దగ్గర దారి లేదు. వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్ కూడా ఆల్కహాల్‌కు అంత తేలికగా లొంగదు.

సబ్బు సామాన్యమైనదని చులకన చేయరాదు. జిడ్డు పొరతో ఒళ్లు కప్పుకొన్న కరోనా వంటి వైరస్‌లను సబ్బు చీల్చివేస్తుంది. చావని వాటిని చర్మం నుంచి ఊడదీసి నీళ్ల వెంట పంపుతుంది. ఈ రెండో పని ఏ సీసా మందూ చేయలేదు.

పాకిస్థాన్‌లోని కరాచీ పేటలలో 2002-03లో ఒక పరీక్ష చేశారు. కొన్ని పేటల ఇళ్లకు వారం వారం సబ్బులు ఇచ్చి, ఎప్పుడు ఎలా కడుక్కోవాలో చెబుతూ ఏడాదిపాటు లెక్క రాశారు. మిగతా పేటలతో పోలిస్తే ఆ ఇళ్లలో పదిహేనేళ్ల లోపు పిల్లలకు విరేచనాలు 53 శాతం తగ్గాయి. అయిదేళ్ల లోపు పిల్లలకు న్యుమోనియా సగానికి సగం తగ్గింది. 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో ఈ వివరాలు వచ్చాయి. ఇందులో గృహిణులు గమనించవలసిన మరో ముక్క ఉన్నది. సగం ఇళ్లకు క్రిమిసంహారక సబ్బు, సగం ఇళ్లకు మామూలు సబ్బు ఇచ్చారు. ఫలితంలో తేడా కనిపించలేదు. 2016 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం ట్రైక్లోసాన్‌తో సహా 19 రకాల మందులు కలిపిన సబ్బుల అమ్మకాన్ని నిలిపివేసింది. మామూలు సబ్బు కన్నా అవి మెరుగని తయారీదారులు నిరూపించలేకపోయారన్నది అందుకు చెప్పిన కారణం. 'క్రిమిసంహారిణి' అన్న అక్షరాల కోసం పది రూపాయలు ఎక్కువ పెట్టడం దండగేనన్న మాట.

ఖర్చు లెక్క చూసినా అంతే. 2020లో ప్రభుత్వం కట్టిన ధరనే తీసుకొంటే ఒకసారి పూసుకోవడానికి పట్టే 3 మిల్లీలీటర్ల ఖరీదు రూపాయిన్నర. అయిదుగురున్న ఇంట్లో తలా నాలుగుసార్లు వాడితే రోజుకు 30 రూపాయలు, నెలకు 900 రూపాయలు. ఆ డబ్బుకు ఎన్ని సబ్బులు వస్తాయో ఏ గృహిణిని అడిగినా చెబుతుంది.

మన అలవాటులో ఒక తిరకాసు ఉన్నది. తినేముందు కుడిచేతి వేళ్లు నీళ్లతో తడిపి పళ్లెం ముందు కూర్చుంటాము. తిన్న తరువాత కూర జిడ్డు పోవడానికి సబ్బు అడుగుతాము. క్రిముల లెక్క ప్రకారం ఇది తిరగబడాలి. పసిబిడ్డ మలం హానిలేనిదన్న నమ్మకం కూడా ఊళ్లలో గట్టిగానే ఉన్నది. బిడ్డను కడిగిన తల్లి చేయి నీళ్లకు చూపించి పిండి కలపడానికి కూర్చుంటుంది. విరేచనాల క్రిములు పసిబిడ్డ మలంలోనూ పుష్కలం. పెద్దల మలం కన్నా అది మంచిదేమీ కాదు.

బయటినుంచి వచ్చినవారు కాళ్లు కడుక్కొని లోపలికి రావాలని వాకిట్లో నీళ్లు పెట్టిన పెద్దలు మనవారు. సబ్బు లేనిచోట పొయ్యిలోని బూడిదతో చేయి తోమడం కూడా తప్పేమీ కాదు. సబ్బు దొరకనప్పుడు బూడిద వాడవచ్చునని వైద్యులు కూడా ఒప్పుకొంటారు. నేల మీది మట్టి మాత్రం వద్దు. క్రిములు, పురుగుల గుడ్లు ఉండేది అందులోనే.

ప్రపంచమంతటా అక్టోబరు 15ను చేతులు కడుక్కొనే దినంగా జరపడం 2008లో మొదలైంది. సరిగ్గా అదే రోజున, అదే ఏడాది, పొరుగున ఝరాసంగం మండలం మాచనూరులో పల్లె మహిళలు నడిపే సంఘం రేడియో మొదటిసారి పలికింది. రెండింటికీ సంబంధం లేదు. కలిసిరావడం మాత్రం విశేషమే.

శానిటైజర్ ఎక్కడ కావాలి?

ఇంత చెప్పినంత మాత్రాన సీసాను పారవేయాలని కాదు. చేయి చూడడానికి శుభ్రంగా ఉండి, నీళ్లు అందుబాటులో లేనిచోట అది నిజంగా అక్కరకు వస్తుంది. బస్సు దిగి బీదర్ ఆసుపత్రిలో రోగిని చూడబోయేవారికి, రేజింతల్ సిద్ధి వినాయకుని జాతర రద్దీలో పిల్లలను వెంటబెట్టుకొన్నవారికి, ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తకు, నోట్లు లెక్కపెట్టే దుకాణదారుకు జేబులో చిన్న సీసా ఉండడం మంచిదే.

అన్నిటికన్నా ముఖ్యం బాలింత గది. పురిటి బిడ్డను చూడడానికి బంధువులంతా వస్తారు, ఒక చేతి నుంచి మరో చేతికి బిడ్డ మారుతుంది. గుమ్మంలో ఒక సబ్బు, చెంబుడు నీళ్లు, లేదా ఒక శానిటైజర్ సీసా పెట్టి, చేయి శుభ్రం చేసుకోనిదే బిడ్డను ఇవ్వమని చెప్పడానికి నానమ్మలు, అమ్మమ్మలు మొహమాటపడరాదు.

ఈ మాట వెనుక పెద్ద కథే ఉన్నది. ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని పెద్దాసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే డాక్టరు ఉండేవాడు. అక్కడ డాక్టర్లు పురుళ్లు పోసే వార్డులో బాలింతలు జ్వరంతో రాలిపోయేవారు. మంత్రసానులు పురుళ్లు పోసే వార్డులో చావులు చాలా తక్కువ. డాక్టర్లు శవాలను కోసి, అదే చేతులతో పురిటికి వస్తున్నారని ఆయన గ్రహించాడు. 1847 మే నెలలో క్లోరిన్ సున్నం కలిపిన నీళ్లతో చేతులు కడగనిదే ఎవరినీ లోపలికి రానివ్వలేదు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోయిన ఆ వార్డులో జూన్ నాటికి చావులు నూటికి రెండుకు దిగాయి. తోటి డాక్టర్లు మాత్రం ఆయన మాట వినలేదు. డాక్టరు చేయి మురికిదా అని కోపగించారు. 1865లో ఆయన పిచ్చాసుపత్రిలో కన్నుమూశాడు.

ఆ క్లోరిన్ సున్నం మరేదో కాదు, మన పంచాయతీలు మురుగు కాలువల వెంట చల్లే బ్లీచింగ్ పౌడరే.

తుడుపు కాగితాలు, బ్లీచింగ్ నీళ్లు

తడి తుడుపు కాగితాలలో రెండు జాతులున్నాయి. పసిపిల్లలను తుడిచేవి ఒకటి. అవి మురికి తీస్తాయి గాని క్రిములను చంపేవి కావు. బల్లలు, తలుపు గడియలు తుడిచే క్రిమిసంహారక కాగితాలు రెండోవి. అవి ఒంటికి, ముఖ్యంగా పిల్లల ఒంటికి వాడేవి కావు. ప్యాకెట్ మీద ఏ జాతిదో చదవకుండా కొంటే రెంటికీ చెడినట్టే.

రెండో జాతి కాగితానికి కూడా ఒక షరతు ఉన్నది. తుడిచిన చోటు ప్యాకెట్ మీద చెప్పినంతసేపు తడిగా ఉండాలి. కొన్నింటికి అది నాలుగు నిమిషాలు, కొన్నింటికి పది. మన ఎండలలో తుడిచిన తడి అర నిమిషంలో ఆరిపోతుంది. ఒకే కాగితంతో గడప నుంచి వంటింటి దాకా తుడిచేవారు ఒకచోటి క్రిములను మరోచోటికి మోస్తున్నారంతే. చాలా రకాలలో ప్లాస్టిక్ పోగు కూడా ఉంటుంది. కాలువలో వేస్తే కరగదు, మరుగుదొడ్డిలో వేస్తే గొట్టం మూసుకొంటుంది. ఒక్కమాటలో చెప్పాలంటే, పల్లె ఇంటికి ఇవి అక్కరలేని ఖర్చు.

దానికి బదులు గుడ్డ ముక్క, బ్లీచింగ్ పౌడరు చాలు. మంచి పౌడరులో క్లోరిన్ సుమారు 30 శాతం ఉంటుంది. లీటరు నీటికి దాదాపు ఒక టీ చెంచా కలిపి తేరనిచ్చి, పైనీళ్లు వంచుకోవాలి. ముందు సబ్బు నీళ్లతో మురికి తుడిచి, తరువాత ఈ నీళ్లతో తడిపి, పది నిమిషాలు ఉంచి కడిగితే తలుపు గడియలు, మరుగుదొడ్డి, రోగి పడుకొన్న గది అన్నీ శుద్ధి అవుతాయి. ఏ రోజు నీళ్లు ఆ రోజే కలుపుకోవాలి. పౌడరు సంచి మూతి తెరిచి పెడితే క్లోరిన్ ఎగిరిపోయి చివరికి సున్నమే మిగులుతుంది. ఘాటు వాసన లేని పౌడరును నమ్మరాదు.

దీనిని మరుగుదొడ్లు కడిగే యాసిడ్‌తో కలపడం మాత్రం ప్రాణాంతకం. రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. తలుపు వేసిన చిన్న గదిలో అది మనిషిని పడవేయగలదు. ఒళ్లు మీద చల్లుకోవడం కూడా తప్పే. 2020లో ఊరూరా వీధులలో, కొన్ని చోట్ల మనుషుల మీద కూడా ఈ మందునీళ్లు కొట్టారు. మనుషుల మీద చల్లడం హానికరమని, దాని వల్ల లాభం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ ఏడాది ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది.

పొలాలలో ఇప్పటికీ బావి నీళ్లు తాగేవారున్నారు. వెయ్యి లీటర్ల నీటికి రెండున్నర గ్రాముల మంచి పౌడరు చొప్పున వేయాలి. నాలుగు మీటర్ల వెడల్పు గల గుండ్రటి బావిలో మూడు మీటర్ల లోతు నీళ్లుంటే అవి దాదాపు 37,700 లీటర్లు. దానికి 95 గ్రాముల పౌడరు సరిపోతుంది. బకెట్‌లో కలిపి, సున్నం అడుగున పేరుకొన్నాక పైతేట నీళ్లను మాత్రమే బావిలో దించి తిప్పాలి. గంట ఆగి తోడుకోవాలి. అడుగు సున్నాన్ని బావిలో వేయరాదు.

ఇక గట్టు మీద చేతులు కడుక్కోవడం ఎలా అన్నది మిగిలింది. అయిదు లీటర్ల పాత నూనె డబ్బాను శుభ్రంగా కడగాలి. పురుగుమందు డబ్బా మాత్రం ఎంత కడిగినా పనికిరాదు. మూత దగ్గర చిన్న రంధ్రం చేసి, రెండు పంగల కర్రల మధ్య వేలాడదీసి, మూతికి తాడు కట్టి, తాడు చివర కాలితో తొక్కే పుల్ల బిగిస్తే సరి. తొక్కితే డబ్బా వంగి నీళ్లు పడతాయి. చేయి డబ్బాను ముట్టనే ముట్టదు. జింబాబ్వేలో ఒక డాక్టరు ఆలోచనగా మొదలై ఇది చాలా దేశాల పల్లెలకు చేరింది. పక్కన పాత మేజోడులో సబ్బు ముక్క వేసి కట్టవచ్చు. లేదా నీళ్ల సీసాలో చెంచాడు సబ్బు పొడి కలిపి మూతకు సూదితో రంధ్రాలు చేసి వేలాడదీయవచ్చు. గొంతు తడుపుకోవడానికి కుండ నింపే మనిషే పొద్దున్నే ఈ డబ్బానూ నింపితే పన్నెండింటికి సద్ది విప్పేవేళకు నీళ్లు సిద్ధంగా ఉంటాయి.